గడప దాటని మంచం

ఆ వేసవిలో నేను, అంతకుముందే చనిపోయిన ఒకావిడ పడకగదిని రంపంతో కోసి ఇల్లంతా సర్దాను. ఆ గదిలో నాకు నిద్ర పట్టలేదు, అంతే కారణం. ఆమెను ఇంట్లోంచి పంపే దారి లేనప్పుడు కనీసం పోల్చుకోలేనట్టు చేస్తే చాలనుకున్నాను.

మాది దుమ్యాత్, నైలు వెళ్ళి సముద్రంలో పడే చోటు. ఈజిప్టులో ఏ మూల పెళ్ళి జరిగినా మంచం మా ఊళ్ళోనే పుడుతుంది. తెల్లారితే రంపాల మోత, పొద్దుగూకితే వార్నిష్ వాసన. మా నాన్న మంచాల మీద నగిషీ చెక్కేవాడు. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక ఉలి నా చేతికొచ్చింది, ఆయన్ని చూసుకునే పనీ నాకే వచ్చింది. నా పెళ్ళి ఈడు ఎప్పుడు దాటిపోయిందో ఇద్దరం గమనించలేదు. నాన్న పోయిన ఏడాదికి, నా ముప్ఫై తొమ్మిదో ఏట, వగీహ్ అనే జాగ్రఫీ మాస్టారిని పెళ్ళి చేసుకున్నాను. ఆయన భార్య పోయి రెండేళ్ళయింది. పన్నెండేళ్ళ కూతురుంది, రద్వా. ఆయన నెమ్మదస్తుడు. పెళ్ళయ్యాక కూడా చాలాకాలం ఆయన్ని బళ్ళో పిల్లల్లాగే ఉస్తాద్ అని పిలిచేదాన్ని.

రంజాన్‌కి ఇంకా నెలన్నర ఉంది. ఒక పెట్టెలో బట్టలు, ఇంకో పెట్టెలో నాన్న పనిముట్లు పట్టుకుని మూడో అంతస్తు మెట్లెక్కాను. పడకగది తలుపు తీసి వగీహ్ పక్కకి తప్పుకున్నాడు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

మంచం తలాపు పలక నిండా గులాబీలు. ప్రతి గులాబీలోనూ ఒక రేకు లోపలికి మడిచి ఉంది. దుమ్యాత్‌లో నాన్న తప్ప ఇంకెవరూ అలా చెక్కరు. ఆ రేకుల మీద బంగారు పూత అద్దింది నేను.

పదిహేనేళ్ళ కిందటి మాట. పెళ్ళికూతురు తల్లితో కలిసి మంచం ఎంతవరకు వచ్చిందో చూడ్డానికి దుకాణానికి వచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంది. కాగితం పొట్లంలోంచి ఉప్పు వేసి వేయించిన గుమ్మడి గింజలు తింటూ, ఇంకా పట్టెలు బిగించని మంచం చుట్టూ తిరిగింది. నాకూ నాలుగు గింజలు పెట్టింది. పోతూ పోతూ బంగారం అంటిన నా వేళ్ళు చూసి నవ్వి, "నీ వంతూ తొందర్లోనే రావాలి!" అంది. పెళ్ళికాని పిల్ల కనిపిస్తే మా ఊళ్ళో ఎవరైనా అనే మాటే అది. ఆమె పేరు సౌసన్ అని నాకప్పుడు తెలీదు.

నా వంతు వచ్చింది. అదే మంచానికి.

"ఏమైంది?" అన్నాడు వగీహ్.

"ఇది మా నాన్న చేసింది, ఉస్తాద్."

ఆయన కాసేపు మంచం వైపు చూశాడు. "ఈ ఊళ్ళో ఎవరి మంచమైనా ఎవరో ఒకరి నాన్న చేసిందే కదా" అన్నాడు. నన్ను తేలిక పరచడానికే అన్నాడు, పాపం.

నడవలోంచి రద్వా గొంతు వినిపించింది. "ఎడమ పక్క అమ్మది."

అంతే. తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత చాలా వారాల పాటు ఆ పిల్ల నన్ను ఏ పిలుపుతోనూ పిలవలేదు. "ఉప్పు అందుకోవా", "తలుపు తీసే ఉంది" — ఇలా గాలితో మాట్లాడినట్టు మాట్లాడేది.

పరుపులో ఎడమ పక్కన మనిషి పొడవునా గుంట ఉంది. పరుపు తిరగేశాను. మూడు రోజుల్లో గుంట మళ్ళీ అక్కడికే వచ్చింది. ఆ బరువు నాదేనని తెలుసు. అయినా పొద్దున లేచి దాన్ని చూసినప్పుడల్లా, నా పక్కన కాదు, నా కిందే ఎవరో పడుకున్నట్టు ఒళ్ళు జలదరించేది. చివరికి హాల్లో చాప వేసుకోవడం మొదలుపెట్టాను. వగీహ్ ఎందుకని అడగలేదు. ఆయన కుడి పక్కనే, అంచుకి ఒదిగి, పక్కన మనిషున్నట్టే పడుకునేవాడు.

సౌసన్ తల్లి హగ్గా ఇహ్‌సాన్. మక్కా వెళ్ళొచ్చిన పెద్దావిడ కాబట్టి అందరూ హగ్గా అనేవారు. గురువారం గురువారం మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చేది. ఆమె దగ్గర వేరే తాళంచెవి ఉంది, తలుపు తట్టేది కాదు. కళ్ళల్లో శుక్లాలు. గోడ పట్టుకుని నేరుగా పడకగదిలోకి నడిచి, మంచం ఎడమ అంచున కూర్చుని, చెయ్యి పట్టె మీద వేసి, పెదవులు కదుపుతూ అరగంట ఉండేది. తర్వాత మనవరాలి నెత్తిన ముద్దు పెట్టి వెళ్ళిపోయేది. నా టీ ఎప్పుడూ సగమే తాగేది.

మూడో గురువారం ధైర్యం చేశాను.

"హగ్గా, మీరేమీ అనుకోకపోతే... ఈ సామాను అమ్మేసి, వచ్చింది రద్వా పేరున దాచిపెడితే—"

"అమ్మేసి?" ఆమె నా గొంతు వైపు మొహం తిప్పింది. "నా కూతురి మంచం సంతలో నిలబెడతావా? ఎవత్తో కొత్త పెళ్ళికూతురు వచ్చి, నా పిల్ల కన్నుమూసిన చోట దొర్లుతూ మొగుడితో సరసాలాడాలా?"

ఇప్పుడు ఆ కొత్త పెళ్ళికూతుర్ని నేనే కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"విను పిల్లా. పెళ్ళిసామాను ఆడదానిది. అది పోతే దాని కూతురిది, దాన్ని కన్న తల్లిది. నీదీ కాదు, నీ ఉస్తాదుదీ కాదు. ఒక్క మేకు గడప దాటిందా, ఈ మెట్ల మీద కూర్చుని అరుస్తాను. వీధి వీధంతా కిటికీల్లోకి రావాలి."

"దాటదు హగ్గా."

"ఒట్టు పెట్టు."

"దేవుడి మీద ఒట్టు. ఒక్క మేకు కూడా గడప దాటదు."

ఆ వారమే ఆమె కొడుకు వచ్చి, కళ్ళ ఆపరేషన్‌కని ఆమెను మన్సూరా తీసుకెళ్ళాడు. పండగ అయ్యేదాకా అక్కడే ఉంచుకుంటానన్నాడు.

మర్నాడు పొద్దున్నే వగీహ్ పరీక్ష పేపర్లు దిద్దడానికి బయల్దేరుతుంటే అడిగాను. "గడప దాటకూడదు, అంతేగా ఆమె అన్నది? గడప లోపల నేనేం చేసినా పరవాలేదా?"

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగాడు. "నీకు చేతనైన పని కదా" అన్నాడు. అది ఔననడమో కాదో ఇప్పటికీ నాకు తెలీదు. నేను ఔననే తీసుకున్నాను.

వీధి గడప దాటితేనే దాటినట్టని సర్దిచెప్పుకుని, మేడ మీద, పావురాల గూళ్ళ పక్కన, పాత దుప్పటి నీడగా కట్టి పని మొదలుపెట్టాను. నాన్న బిగించిన కీళ్ళు విప్పడానికి రెండు రోజులు పట్టింది. జిగురు కరగడానికి గుడ్డలు వేడినీళ్ళలో ముంచి చుట్టి, సుత్తితో కాకుండా అరచేత్తో తడుతూ ఊడదీశాను. బంగారు పూత గీకేశాను. నేనే అద్దింది, నేనే గీకాను. ఉప్పు కాగితంతో రుద్దుతుంటే అడుగున బీచ్ అనే గట్టి జాతి కర్ర కాల్చిన రొట్టె రంగులో బయటపడింది. పదిహేనేళ్ళకి కూడా ఒక్క పలక వంకర పోలేదు.

తలాపు పలకను అడ్డంగా కోసి హాల్లోకి వీపు ఆనించుకునే బల్ల చేశాను. కాళ్ళవైపు పలక వంటింట్లో కిటికీ కింద గిన్నెల అర అయింది. బీరువా రెండు తలుపులూ జతచేసి భోజనాల బల్ల చేశాను. తాళం కన్నం బల్ల మధ్యకొచ్చింది. పూడ్చలేదు, చూడ్డానికి బాగుందనిపించింది. అద్దాల బల్ల అద్దం తీసేస్తే రద్వాకి రాసుకునే మేజా అయింది. అడుగు పట్టీలతో చెప్పుల స్టాండు. మేము పడుకోవడానికి రేవులో దొరికే దేవదారు చెక్కలతో, పువ్వూ లతా ఏమీ లేకుండా, ఎత్తు తక్కువ మంచం ఒకటి కొట్టాను.

పక్క వాటా ఉమ్మ్ హాషిమ్ బట్టలు ఆరేయడానికొచ్చి, బకెట్ దించి, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమే పెళ్ళికూతురా! పెళ్ళయిన నెలకే మంచం విరగ్గొట్టారా? మా రోజుల్లో ఏడాదైనా ఆగేవాళ్ళం!"

"విరగ్గొట్టలేదు వదినా, మారుస్తున్నాను. ఇదిగో, ఇది బల్ల అవుతుంది."

ఆమె చెక్కల చుట్టూ ఒకసారి తిరిగింది. "చేతిలో పని ఉందమ్మా నీకు. రేపు మా ఆయన్ని కూడా పైకి తీసుకొస్తాను. పదేళ్ళుగా మూల కూర్చున్నాడు. కోసి ఏదైనా పనికొచ్చేది చెయ్యి, కనీసం స్టూలు!"

నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఆమె చూపు గులాబీల మీద పడింది. "సౌసన్ దీన్ని ఆరు నెలలు వదిలి లేవలేదు" అంటూ బకెట్ ఎత్తుకుంది. "అరిచేది కాదు పాపం. గోడవతల పడుకునేవాళ్ళం, ఒక్క కేక వినలేదు."

మిగిలింది ఎడమ పట్టె. ఆ సాయంత్రం దాన్ని బల్ల మీద వెల్లకిలా తిప్పాను. లోపలి అంచున, పైకి కనిపించని చోట, గాట్లు ఉన్నాయి. ఎలుక కొరికిందనుకున్నాను ముందు. వంగి చూశాను. నాలుగు గాడులు, పక్కపక్కనే. చూపుడు వేలి చోట లోతుగా, చిటికెన వేలి దగ్గరికొచ్చేసరికి గీతలా. బీచ్ కర్ర అది. మా నాన్న ఉలే కష్టపడే కర్ర. నా వేళ్ళు పెట్టి చూశాను. సరిగ్గా పట్టాయి.

ఆమె ఎందుకు అరవలేదో తెలిసింది.

మెట్ల మీద రద్వా అడుగులు వినిపించాయి. పిల్ల చూడకూడదని నాన్న చిత్రిక అందుకుని, నాలుగు లాగుల్లో ఆ చోటంతా నున్నగా చేసేశాను. ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకునే మాట ఇదే. నిజం వేరే ఉంది. అడుగులు వినపడేటప్పటికే చిత్రిక నా చేతిలో ఉంది.

రద్వా పైకొచ్చి నిలబడింది. "ఉల్లిపాయలు అయిపోయాయట" అంది గాలితో. చిత్రిక పొట్టు చుట్టలు చుట్టలుగా ఆమె చెప్పుల దగ్గరికి దొర్లింది. మర్నాడు ఉమ్మ్ హాషిమ్ దాన్ని ఊడ్చి కోళ్ళ గూట్లో పరిచింది.

ఆ పట్టెకి కొంకీలు బిగించి, గుమ్మం పక్కన బట్టలు తగిలించే కొయ్యగా కొట్టేశాను.

రంజాన్ వచ్చేసరికి పడకగది ఖాళీ అయింది. సున్నం వేయించాను. మొదటి రెండు రోజులు హాయిగా నిద్రపోయాను. మూడో రోజు నుంచి నాకర్థమవడం మొదలైంది. ఇదివరకు సౌసన్ ఒక గదిలో ఉండేది. తలుపు మూస్తే సరిపోయేది. ఇప్పుడు మూయడానికి తలుపు లేదు. కూర్చుంటే నా వీపు వెనక ఆమె, గిన్నె తీస్తే నా చేతి కింద ఆమె, బయటికి వెళ్తూ శాలువా తీసుకుంటే ఆమె. గులాబీ సగానికి తెగిన చోట వగీహ్ బొటనవేలు ఆనించి కూర్చునేవాడు. ఆయనకే తెలీకుండా. భోజనాల దగ్గర ఆయన వేలు తాళం కన్నం వెతుక్కుంటూ వెళ్ళేది. ఇల్లంతా ఎవరో మెలకువగా ఉన్నట్టుండేది, ముఖ్యంగా మధ్యాహ్నాలు, ఉపవాసపు నీరసంలో ఊరు ఊరంతా సద్దుమణిగి ఒక్క రంపం కూడా పలకనప్పుడు.

ఉపవాసాలు సగమయ్యాయి. ఆ రోజు ఎండ పెట్రేగిపోయింది. బాతు కడుపులో ఉల్లిపాయలు కూరి వండాను. మసీదు నుంచి పిలుపు వినబడగానే ఖర్జూరాలు అందుకున్నాం. పప్పుచారు కుండ పొయ్యి మీంచి దించి, కింద గుడ్డ వేయడం మరచి, నేరుగా బల్ల మధ్యలో పెట్టాను.

కర్ర వేడెక్కింది. తాళం కన్నంలోంచో, అతుకులోంచో వాసన లేచింది. లవంగాలు, కలరా ఉండలు, ఉతికి మడతపెట్టిన నూలు, వాటి వెనక ఒక మందు వాసన. ముగ్గురం ఆగిపోయాం. రద్వా ఖర్జూరం నమలడం మానేసింది. నేను కుండ ఎత్తేద్దామని లేవబోయాను.

"సౌసన్," అన్నాడు వగీహ్ కంచంలోకి చూస్తూ, "నీళ్ళు."

ఆయన గొంతులో ఏ తేడా లేదు. రోజూ అడిగినట్టే అడిగాడు. నేను కూజా అందుకున్నాను. గ్లాసు నింపాను. ఆయన ముందు పెట్టబోయాను. ఆ పిలుపుకి పలకడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది, గుంటలోకి జారినట్టు.

"ఆవిడ పేరు ఇన్‌షిరాహ్, నాన్నా" అంది రద్వా.

గట్టిగా అనలేదు. బళ్ళో ఏ నది పేరో తప్పు చెప్పిన పిల్లని దిద్దినట్టు అంది. అని, ఖర్జూరపు గింజ పళ్ళెం అంచున పెట్టింది.

వగీహ్ తలెత్తాడు. ముందు కూతుర్ని చూశాడు, తర్వాత నన్ను. పెళ్ళయ్యాక ఆయన నన్ను అంతసేపు చూడ్డం అదే మొదలు. "అవును," అన్నాడు. "ఇన్‌షిరాహ్. కాసిని నీళ్ళు."

ఇచ్చాను. తిన్నాం. బాతు బాగా కుదిరిందని కూడా అన్నాడు. కంచాలు తీస్తుంటే ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకోవడం చూశాను, చూడనట్టు వంటింట్లోకి వెళ్ళాను.

పండగ వెళ్ళిన గురువారం తలుపులో తాళంచెవి తిరిగింది. హగ్గా ఇహ్‌సాన్. గోడ పట్టుకోకుండా లోపలికొచ్చింది. నల్ల కళ్ళజోడు తీసింది. కడిగిన అద్దాల్లాంటి కళ్ళు. నేనీ ఇంటికొచ్చాక మొదటిసారి నా మొహం చూసింది.

"నువ్వా," అంది. "దుకాణంలో చేతులకి బంగారం పూసుకున్న పిల్లవి."

ఆమె పడకగది గుమ్మం దాకా వెళ్ళి, సున్నం గోడలూ దేవదారు మంచమూ చూసి వెనక్కి తిరిగింది. హాల్లో బల్ల చూసింది. భోజనాల బల్ల చూసింది. వంటింట్లోకి తొంగి చూసింది. అరుస్తుందని ఎదురుచూశాను. అరిచినా బాగుండేది.

"ఒక్క మేకు కూడా గడప దాటలేదు, హగ్గా."

"చూస్తూనే ఉన్నాను. కళ్ళొచ్చాయిగా." ఆమె చెయ్యి చాచింది. "ఎడమ పట్టె ఏది?"

గుమ్మం పక్క కొయ్య చూపించాను. ఆమె మా శాలువాలు ఒక్కొక్కటే తీసి నా చేతికిచ్చింది. మునివేళ్ళ మీద లేచి, పట్టె అంచు కింద ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది. మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకి. ఆమె ఏం వెతుకుతోందో నాకు తెలుసు. ప్రతి గురువారం ఆ పట్టె మీద వేసిన చెయ్యి ఎక్కడికి వెళ్ళేదో కూడా అప్పుడే తెలిసింది.

"చిత్రిక పట్టేశాను," అన్నాను. "చూశాను. పిల్ల కంట పడకూడదని..."

ఆమె చెయ్యి దించింది. చాలాసేపు వేళ్ళ కొసలు చూసుకుంది.

"నన్నూ అదే అడిగింది," అంది చివరికి. "అమ్మా, నేను పోయాక వడ్రంగిని పిలిపించి గీయించెయ్యి, రద్వా చూస్తుంది అని. రెండేళ్ళయింది. నాకు చేతులు రాలేదు." తాళంచెవి కొంకీకి తగిలించింది. "నువ్వు చేసేశావు. మంచిదే."

మంచిదే అన్న ఆ మాట ఇన్నేళ్ళయినా నాకు మింగుడు పడలేదు. మెట్లు దిగుతున్నప్పుడు ఆమె మళ్ళీ గోడ పట్టుకుంది.

తర్వాతి గురువారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. బళ్ళు తెరిచే ముందు గురువారం మధ్యాహ్నం రద్వా బయటి బట్టలు వేసుకుని నా ముందు నిలబడింది. "అమ్మమ్మ దగ్గరికి వెళ్దాం, తాంత్" అంది. తల్లి వరస వాళ్ళని, స్నేహితుల తల్లుల్ని పిల్లలు పిలిచే పిలుపే, ప్రత్యేకమైందేమీ కాదు. నేను శాలువా కోసం వెళ్ళి, అక్కడే ఒక నిమిషం మొహం దాచుకోవాల్సి వచ్చింది.

హగ్గా ఇల్లు చేపల బజారు వెనక, ఒక గదీ వంటిల్లూ. తలుపు తీసి, నన్ను చూసి, పక్కకి జరిగింది. "గుమ్మంలో ఏం నిలబడతావు, ఈగలొస్తాయి." రద్వాని టీ పెట్టమని వంటింట్లోకి పంపింది. మేమిద్దరం ఎదురెదురుగా నేల మీద కూర్చున్నాం. ఆమె బాగా చిక్కిపోయింది. కళ్ళు మాత్రం ఎంత స్పష్టంగా ఉన్నాయంటే చూడలేకపోయాను.

"నేను వాటిని ఎప్పుడూ చూడలేదు," అంది గొంతు తగ్గించి. "గుడ్డిదాన్ని కదా అప్పుడు. వేళ్ళతోనే తెలుసు. కళ్ళొచ్చాక చూద్దామనుకున్నాను. చూసినదానివి నువ్వొక్కదానివే."

"హగ్గా, వద్దు—"

"ఎన్ని? ఎంత లోతు? లోపల కర్ర తెల్లగా ఉందా, నల్లబడిందా? నువ్వు పనిదానివి, నీకు తెలుస్తుంది. చెప్పు."

ఆమె తన కుడిచెయ్యి నా ఒళ్ళో పెట్టింది, వేళ్ళు వంచి. నేను ఆ చెయ్యి పట్టుకుని చూపుడు వేలి నుంచి మొదలుపెట్టాను. వంటింట్లో రద్వా గ్లాసులు కడుగుతోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా నేనూ ఆగాను. నీళ్ళ చప్పుడు మళ్ళీ వినబడేదాకా ఇద్దరం ఎదురుచూసి, తర్వాతి వేలికి వెళ్ళాం.